ఎదిర్నే సరాయిని హోటల్ చేయడం సబబేనా?

యాత్రికుడు63: టర్కీలోని ఎదిర్నేలో రుస్తెమ్ పాషా సరాయి ఉంది, అంటే బాటసారులూ వ్యాపారులూ బస చేసే పాతకాలపు కట్టడం. ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ దగ్గర ప్రధానమంత్రిగా ఉన్న రుస్తెమ్ పాషా 1560 ప్రాంతంలో కట్టించాడు, వాస్తుశిల్పి సినాన్. రెండంతస్తులు, నడుమ ముంగిలి, చుట్టూ కమానుల వసారా, వెనక వరసగా గదులు. 1970లలో బాగుచేసి హోటల్ చేశారు. 1980లో వాస్తుకళకిచ్చే ఆగా ఖాన్ అవార్డు కూడా వచ్చింది. నన్నడిగితే ఇదే సరైన దారి. బసకి కట్టింది బసకే వాడుతున్నారు. మీరేమంటారు?

రాతిగోడ: నేనొప్పుకోను. హోటలంటే గదికో బాత్‌రూమ్ కావాలి. పైపులు ఏ గోడలోంచి తీస్తారు? చెమ్మ దిగితే పాత సున్నం గతేంటి? సైప్రస్‌లోని నికోసియాలో బుయుక్ హాన్ అనే సరాయి చూడండి. 1572 నాటిది, 68 గదులు, ముంగిట్లో స్తంభాల మీద బుల్లి మసీదు. బ్రిటిష్ వాళ్లు జైలుగా కూడా వాడారు. ఇప్పుడు చేతిపనుల దుకాణాలు, కాఫీ. షవర్ల గొడవే లేదు.

గోలీసోడా: జైలుని తట్టుకున్న గోడ షవర్‌కి పడిపోతుందా అన్నా?

యాత్రికుడు63: అదే కదా! వాడకం లేకపోతేనే అసలు ప్రమాదం. డమాస్కస్‌లో ఖాన్ అసద్ పాషా అనే సరాయి తొమ్మిది గుమ్మటాల్లో మూడు, కట్టిన కొన్నేళ్లకే భూకంపానికి కూలాయి. 20వ శతాబ్దం చివరిదాకా అక్కడ చెక్కలే కప్పు. డబ్బు రాని కట్టడాన్ని ఎవరు పట్టించుకుంటారు?

రాతిగోడ: డబ్బు, డబ్బు! మా ఊళ్లో పాత సత్రం ఉండేది. దారిన పోయేవాడెవడైనా అరుగు మీద నడుం వాల్చేవాడు. లీజుకిచ్చి ఫంక్షన్ హాల్ చేశారు. గేటు దగ్గర నన్నే ఆపి ‘బుకింగ్ ఉందా?’ అన్నారు. దాని పునాదికి రాళ్లు మోసింది మా ముత్తాత. మీరు అవార్డులు లెక్కపెట్టుకోండి.

పాతబస్తీ: రాతిగోడ గారూ, కోపం అర్థమైంది కానీ సత్రంతో పోలిక కుదరదండీ. దారి మీది సరాయిల్లో మూడు రోజులు ఉచితంగా ఉండనిచ్చే ఆనవాయితీ ఉండేది. ఎదిర్నేలోది లాంటి, ఊరి లోపలి హాన్ వేరు. అది వ్యాపారుల చోటు. సరుకు కింద, మనిషి పైన, రాత్రయితే పెద్ద తలుపు మూత. అద్దె కట్టాల్సిందే. ఆ ఆదాయం వక్ఫ్ అనే ధర్మనిధికి పోయేది. మసీదులు, మదరసాలు, పేదలకి సూపూ రొట్టే పెట్టే వంటశాలలు దాంతోనే నడిచేవి.

రాతిగోడ: నేనన్నదీ అదేగా! అద్దె తీసుకోవడం తప్పని నేనెప్పుడన్నాను? ఆ అద్దె తిరిగి పేదవాడి గిన్నెలోకి వచ్చేది. ఇవాళ్టి హోటల్ బిల్లు ఎవరి గిన్నెలోకి పోతోంది?

యాత్రికుడు63: ఇది కట్టడాల విభాగం. బిల్లుల గురించి వేరే చర్చ పెట్టుకోండి. పైపుల సంగతంటారా, వసారా నేల కింద నుంచి తీసుకెళ్లొచ్చు. గోడ ముట్టుకోనక్కర్లేదు.

రాతిగోడ: వసారా నేలేమైనా నిన్న వేశారా?