ఒంటరిగా ఫ్లోరిడా: అంతరిక్ష కేంద్రానికి ఎన్ని రోజులు, థీమ్ పార్కులకు ఎన్ని రోజులు?

ప్రశ్న: హనుమకొండ సైన్స్ టీచరమ్మ

అందరికీ నమస్కారం. వరంగల్ చుట్టుపక్కల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 31 సంవత్సరాలు భౌతికశాస్త్రం బోధించి, రెండేళ్ల కిందట పదవీ విరమణ చేశాను. నా వయసు 63. ఆగస్టులో డాలస్‌లోని మా అబ్బాయి ఇంటికి వెళ్లి జనవరి చివరిదాకా అక్కడే ఉంటాను. అందులో ఒక్క వారం నా కోసం అట్టిపెట్టుకొని, ఒక్కదాన్నే ఫ్లోరిడా వెళ్లి కెనెడీ అంతరిక్ష కేంద్రాన్నీ, ఆర్లాండోలోని థీమ్ పార్కులను కొన్నింటినీ చూడాలని నా కోరిక. మా అబ్బాయి ‘ఒక్కదానివి ఎట్ల పోతవమ్మా, ఎప్పుడన్న మేమే తీస్కపోతం’ అంటున్నాడు కానీ, ఆ ‘ఎప్పుడన్న’ నేను గతంలో వెళ్లిన రెండుసార్లూ రాలేదు.

నూలుదారానికి గుచ్చిన గొట్టానికి బెలూన్ అంటించి, గాలి వదిలి, న్యూటన్ మూడో నియమాన్ని ఎన్ని తరగతులకు చూపించానో లెక్కలేదు. పాఠ్యపుస్తకంలో తపాలా బిళ్ళంత బొమ్మగా ఉన్న, మనుషులను చంద్రుడి దగ్గరికి పంపిన సాటర్న్-5 రాకెట్ కింద ఒక్కసారైనా నిలబడాలని అప్పటి నుంచీ ఉంది. నాకు కారు నడపడం రాదు. మోకాళ్లు కొద్దిగా నొప్పి, రక్తపోటుకు రోజూ మాత్ర వేసుకుంటాను. ఈ పరిస్థితిలో రోజులను ఎలా పంచుకోవాలి? ఈ వయసులో ఒంటరిగా థీమ్ పార్కుకు వెళ్లడం నలుగురూ నవ్వే పని అవుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: మంచిర్యాల మామయ్య

టీచరుగారూ, అంతరిక్ష కేంద్రం వరకు వెళ్లిరండి, థీమ్ పార్కుల జోలికి పోకండి. ఆ టికెట్ల ఖర్చు దండగ. అందులోనూ పక్కన మనవళ్లు లేకుండా ఆ వరుసల్లో నిలబడటం శిక్షతో సమానం. తిరిగి వచ్చాక రామోజీ ఫిల్మ్ సిటీకి కుటుంబంతో కలిసి వెళ్లవచ్చు.

జవాబు: గోదావరిఖని నుంచి టాంపా

అమ్మా, నమస్తే. నేను పుట్టి పెరిగింది గోదావరిఖనిలో, తొమ్మిదేళ్లుగా ఉంటున్నది టాంపాలో. ఇంటికి వచ్చిన చుట్టాలందరినీ కెనెడీ కేంద్రానికి తీసుకువెళ్లడం నా వంతే కాబట్టి అక్కడి సంగతులు కొంత వివరంగా చెప్పగలను.

ముందుగా ప్రయాణం సంగతి. ఆర్లాండో నుంచి కేంద్రానికి కారులో సుమారు గంట పడుతుంది, సాధారణ సిటీ బస్సు లేదు. ఊబర్‌లో వెళ్లడం తేలికే కానీ, సాయంత్రం తిరుగు ప్రయాణానికి అక్కడ కారు దొరకడం కష్టం. కనుక ఇంటర్నేషనల్ డ్రైవ్ ప్రాంతంలోని హోటల్లో దిగి, హోటళ్ల దగ్గర ఎక్కించుకొని సాయంత్రం మళ్లీ దింపే టూరు బస్సును ముందే బుక్ చేసుకోండి. ఒంటరిగా వెళ్లేవారికి ఇంతకన్నా నిశ్చింతైన మార్గం లేదు.

కేంద్రానికి కనీసం ఒక పూర్తి రోజు, మీ ఆసక్తిని బట్టి చూస్తే రెండు రోజులు కేటాయించండి. లోపలికి వెళ్లగానే అందరూ రాకెట్ గార్డెన్‌లో ఫొటోల దగ్గర ఆగిపోతారు. మీరు మాత్రం నేరుగా బస్సు టూరు వరుసకు వెళ్లండి. ఆ టూరు ప్రవేశ టికెట్‌లోనే కలిసి ఉంటుంది, చివరి బస్సు కేంద్రం మూసేవేళకు చాలా ముందే వెళ్లిపోతుంది. రాకెట్లను నిలబెట్టి కూర్చే సుమారు 160 మీటర్ల ఎత్తయిన భవనాన్ని దారిలో చూపించి, బస్సు మిమ్మల్ని సాటర్న్-5 ఉన్న హాలు దగ్గర దించుతుంది. ఆ రాకెట్ 110 మీటర్ల పొడవున తలపైన అడ్డంగా పరిచి ఉంటుంది. మొదటి అంచెలోని ఐదు ఇంజన్ల కింద నిలబడి మొదలుపెడితే, వ్యోమగాములు కూర్చునే కొసకు చేరేసరికి మీరు హాలంతా నడిచేసి ఉంటారు. చంద్రుడి శిలను చేతితో తాకే అవకాశం కూడా అక్కడే ఉంది. మా నాన్న సింగరేణిలో పనిచేశారు. ఆ రాయిని తాకి, ‘బొగ్గు కంటె నున్నగున్నది’ అని ఒక్క మాటన్నారు.

తిరిగి వచ్చాక అట్లాంటిస్ స్పేస్ షటిల్ చూడండి. 33 సార్లు అంతరిక్షానికి వెళ్లివచ్చి 2011 జూలైలో విశ్రాంతి తీసుకున్న అసలు నౌక అది, నమూనా కాదు. దాన్ని 43.21 డిగ్రీల కోణంలో వంచి నిలబెట్టారు. ఆ అంకెలు వరుసగా చదివితే కౌంట్‌డౌన్ గుర్తుకు వస్తుంది, ఇది మీ పిల్లలకు చెప్పదగ్గ ముచ్చట. నౌక మొదటిసారి కళ్లపడే క్షణాన్ని చాలా చమత్కారంగా అమర్చారు, దాన్ని నేను ముందే చెప్పి పాడుచేయను. అదే భవనంలో, ప్రమాదాల్లో కూలిపోయిన ఛాలెంజర్, కొలంబియా షటిళ్ల వ్యోమగాముల స్మారక ప్రదర్శన ఉంది. 2003 ఫిబ్రవరి 1న కొలంబియాతో పాటు మనకు దూరమైన కల్పనా చావ్లా జ్ఞాపకం కూడా అక్కడే ఉంది. అక్కడ ఒంటరిగా ఉండటమే నయం, ఎంతసేపు నిలబడాలనేది మీ ఇష్టం.

వాతావరణం దృష్ట్యా ఆగస్టు, సెప్టెంబరు వద్దు. జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం, వేసవిలో దాదాపు ప్రతి మధ్యాహ్నం ఉరుముల వాన. మెరుపులు కనబడితే ఆరుబయట రైడ్లు ఆపేస్తారు. డిసెంబరు మొదటి రెండు వారాలు మీకు సరిపోతాయి, క్రిస్మస్ సెలవుల రద్దీ అప్పటికి మొదలుకాదు.

జవాబు: కరీంనగర్ బాటసారి

మేడమ్, మంచిర్యాల మామయ్య గారితో నేను ఏకీభవించను. నేను 52 ఏళ్ల వయసులో ఆర్లాండో పార్కుల్లో నాలుగు రోజులు ఒంటరిగా తిరిగాను, ఎవరూ నావైపు చూడలేదు, చూసే తీరిక అక్కడ ఎవరికీ లేదు. పైగా కొన్ని రైడ్లకు ఒంటరివారి కోసం ‘సింగిల్ రైడర్’ అనే వేరే వరుస ఉంటుంది. జంటలూ కుటుంబాలూ కూర్చోగా మిగిలిన ఒక్క సీటును ఆ వరుసలోని వారికి ఇస్తారు. నలుగురు సభ్యుల కుటుంబం గంటకు పైగా నిలబడిన చోట నేను ఇరవై నిమిషాల్లో ఎక్కి దిగిన రోజులున్నాయి. మనవళ్లు లేకపోవడం శిక్ష కాదు, సౌకర్యం.

మీరు డిస్నీ వారి పార్కుల్లో ఎప్‌కాట్‌నూ, మ్యాజిక్ కింగ్‌డమ్‌నూ ఎంచుకోండి. ఎప్‌కాట్‌లోని మిషన్ స్పేస్ అనే రైడ్ రెండు రకాలు. ఆరెంజ్ రకం నిజంగానే అపకేంద్ర యంత్రం, గుండ్రంగా తిప్పి రాకెట్ పైకి లేచేటప్పటి ఒత్తిడిని ఒంటికి తెలిసేలా చేస్తుంది. రక్తపోటు ఉన్నవారు ఎక్కవద్దని బయటే బోర్డు పెట్టారు, అది మీకు వర్తిస్తుంది. గ్రీన్ రకం తిరగదు, కనుక వైద్యులను ఒక మాట అడిగి దాన్ని ఎక్కవచ్చు. నేను ధైర్యం చేసి ఆరెంజ్ ఎక్కి, దిగాక అరగంట బెంచీ మీద కూర్చున్నాను. వృత్తాకార చలనం పాఠం ఇంటర్‌లో అర్థం కాలేదు గానీ ఆ రోజు అర్థమైంది.

మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1975లో ప్రారంభమైన స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్ ఉంది. దాని వేగం గంటకు సుమారు 45 కిలోమీటర్లే, హైదరాబాదు రోడ్డు మీద మన ఆర్టీసీ సూపర్ లగ్జరీ అంతకన్నా వేగంగా పోతుంది. కానీ చీకట్లో మలుపు ఎటో తెలియదు కనుక గుండె జారుతుంది. సీట్లు ఒకదాని వెనుక ఒకటిగా, మనిషికొకటి చొప్పున ఉంటాయి, కాబట్టి అక్కడ అందరూ ఒంటరివారే. ఎక్కే ముందు మాత్రం వైద్యుల మాట వినండి. అన్నిటికంటే పెద్ద కష్టం నడక, రోజుకు పది కిలోమీటర్లు సులువుగా దాటుతుంది. పార్కు గేటు దగ్గర బ్యాటరీ బండి అద్దెకు దొరుకుతుంది, తీసుకోవడానికి మొహమాటపడకండి. రెండు పార్కు రోజుల మధ్య ఒక రోజు ఖాళీగా వదలండి.

జవాబు: జగిత్యాల ఫిజిక్స్

ఆ ఖాళీ రోజు గురించే నా సూచన. 2019 జూలై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 చూడటానికి నేను శ్రీహరికోట గ్యాలరీలో ఉన్నాను. గూడూరులో రైలు దిగి, సూళ్లూరుపేట మీదుగా చేరి, రాత్రంతా మేలుకుంటే, ప్రయోగానికి 56 నిమిషాల ముందు కౌంట్‌డౌన్ ఆగింది. ఆపడం సరైన నిర్ణయమే, 22న విజయవంతంగా ఎగిరింది, కానీ అప్పటికి నా సెలవు అయిపోయింది. ఫ్లోరిడాలో ఈ బాధ తక్కువ. అక్కడ సగటున వారానికి ఒకటికి పైగానే ప్రయోగాలు జరుగుతున్నాయి కనుక, వారం రోజులుంటే ఏదో ఒకటి కనబడే అవకాశం బాగానే ఉంది. కేంద్రం దగ్గరి టైటస్‌విల్ ఊళ్లో నది ఒడ్డు నుంచి ఉచితంగా చూడవచ్చు, రాత్రి ప్రయోగమైతే ఆర్లాండో నుంచి కూడా వెలుగు కనిపిస్తుంది. తేదీలు మారుతూనే ఉంటాయి కాబట్టి, ఖాళీ రోజును ముందే ఒక తేదీకి కట్టేయకుండా జరుపుకోవడానికి వీలుగా ఉంచుకోండి. మన తెలంగాణ మూలాలున్న నాసా వ్యోమగామి రాజాచారి 2021 నవంబరులో కమాండర్‌గా బయలుదేరిన 39ఏ ప్రయోగ వేదికే 1969లో అపోలో 11 ఎగిరిన వేదిక, 2025 జూన్‌లో శుభాంశు శుక్లా వెళ్లింది కూడా అక్కడి నుంచే. బస్సు కిటికీలోంచి దాన్ని మరవకుండా చూడండి.

ప్రశ్న అడిగినవారి జవాబు: హనుమకొండ సైన్స్ టీచరమ్మ

అందరికీ కృతజ్ఞతలు. డిసెంబరు మొదటి వారం ఖాయం చేశాను. అంతరిక్ష కేంద్రానికి రెండు రోజులు, ఎప్‌కాట్‌కు ఒకటి, మ్యాజిక్ కింగ్‌డమ్‌కు ఒకటి, జరుపుకోగల ఖాళీ రోజు ఒకటి, రాకపోకలకు రెండు. ఆరెంజ్ రైడ్ నాకు వద్దు, బయట బెంచీ మీద కూర్చొని దిగివచ్చేవారి ముఖాలు చూస్తాను. టూరు బస్సు టికెట్ నంబరు చూపించేసరికి మా అబ్బాయి కొంత మెత్తబడ్డాడు. రోజుకు రెండుసార్లు ఫోన్ చేయాలని షరతు పెట్టాడు, ఒప్పుకున్నాను. కరీంనగర్ బాటసారి గారూ, ఇంకొక్క సందేహం: పార్కు లోపలికి ఇంటి తిండి రానిస్తారా? సకినాలు ఎలాగూ తీసుకువెళుతున్నాను.

జవాబు: కరీంనగర్ బాటసారి

డిస్నీ పార్కుల్లోకి రానిస్తారు మేడమ్, గాజు సీసాలు మాత్రం వద్దు. సంచీ తనిఖీ చేసేటప్పుడు సకినాల డబ్బా తీసి పైన పెట్టండి, పని తొందరగా అవుతుంది. నీళ్లు కొనకండి, లోపల తిండి కౌంటర్లలో అడిగితే గ్లాసు నిండా చల్లని నీళ్లు ఊరికే ఇస్తారు.