జిరా బోర్డు: రోల్స్ వారీగానా, పనుల వారీగానా?

పటమట: టీమ్ పనులు కార్డులుగా పెట్టుకునే మా జిరా బోర్డు మీదే పొద్దున పదింటి నుంచి కూర్చున్నా, ఇప్పుడు ఆరయింది. పని ఎక్కడ ఆగిందో బోర్డు చూస్తే తెలియట్లేదు. ప్రొడక్ట్ ఓనర్ (ఏం చేయాలో తేల్చేవారు), డెవలపర్, టెస్టర్ అని మూడు కాలమ్స్ పెట్టా. ‘తరుగు లెక్క’ కార్డు ఒక్కటే ఈ వారం ఆరుసార్లు అటూ ఇటూ తిరిగింది. రోల్స్ తీసేసి పనుల వారీగా పెట్టాలా? రేపు స్ప్రింట్ రివ్యూ, ఈ విడతలో చేసిన పని చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

కృష్ణలంక: టీమ్‌లో ఎంతమంది?

బ్రాడీపేట: ముందు మాట సరిచేసుకోండి. స్క్రమ్‌లో, అంటే స్ప్రింట్లుగా పనిచేసే ఈ పద్ధతిలో, ఇప్పుడు ‘రోల్స్’ లేవు. 2020 స్క్రమ్ గైడ్‌లో ఆ మాట తీసేసి ‘అకౌంటబిలిటీస్’ అన్నారు. ‘డెవలప్‌మెంట్ టీమ్’ కూడా పోయింది, ‘డెవలపర్స్’ అంతే. టెస్టర్ అని విడిగా ఎవరూ లేరు.

అరండల్‌పేట: మాట మారిస్తే పనవుతుందా మాస్టారూ? జవాబుదారీ అంటేనే మా ఆఫీసులో జనం సెలవు పెడతారు.

బ్రాడీపేట: పోనీ బాధ్యత అందామంటే అది రెస్పాన్సిబిలిటీ అవుతుంది. రెండూ ఒకటి కాదండీ.

కృష్ణలంక: ఎంతమంది అని అడిగా.

పటమట: నలుగురం. టెస్టర్ ఆవిడ గుంటూరు నుంచి వస్తారు, మాకు సోమ, గురువారాలే. మిగతా రోజులు ఇంకో టీమ్‌కి. ప్రొడక్ట్ ఓనరూ, స్క్రమ్ సరిగ్గా నడిచేలా చూసే స్క్రమ్ మాస్టరూ మా మేనేజరే. చెప్పలేదా?

కృష్ణలంక: లేదు. కాలమ్‌కి పని పేరు పెట్టండి: చేయాలి, కోడింగ్, రివ్యూ, టెస్టింగ్, అయిపోయింది. పని ఎవరిదో ఆ మనిషి పేరు కార్డు మీద అసైనీలో ఎలాగూ ఉంటుంది. టెస్టింగ్‌లో ఒకేసారి ఉండే కార్డులకి లిమిట్ మూడు. అది నిండితే కొత్త కోడ్ ఆపి, ఆ కోడ్ రాయనివాళ్లు టెస్ట్ చేయాలి.

అరండల్‌పేట: ఇంతకీ తరుగు కార్డు ఎందుకు తిరుగుతోంది?

పటమట: యాప్ మిర్చి కమీషన్ షాపులకి. బస్తాకి తరుగు, అంటే తూకంలో తీసేసేది, ఒక్కో షాపుది ఒక్కో లెక్క. మావాడు అందరికీ ఒకే అంకె పెట్టేశాడు, ఆవిడ వెనక్కి పంపారు. మళ్లీ మార్చాడు, మళ్లీ పంపారు.

అరండల్‌పేట: అయితే కాలమ్స్ మార్చినా అది తిరుగుతూనే ఉంటుంది. ఏం సరిపోతే అయిపోయినట్టో కార్డు మీద లేదు కదా. రెండు షాపుల పాత కాటా చీటీలు ఫొటో తీసి తగిలించండి. ఆ లెక్క వస్తే పాస్.

బ్రాడీపేట: రోజూ పెట్టుకునే డైలీ స్క్రమ్ మీటింగ్ పావుగంటలో ముగుస్తోందా?

పటమట: యాభై నిమిషాలు. మేనేజర్ ఒక్కొక్కరినీ నిలబెట్టి అడుగుతారు.

బ్రాడీపేట: అది హాజరు పట్టీ, డైలీ స్క్రమ్ కాదు! అది డెవలపర్స్ తమకోసం పెట్టుకునే...

పటమట: లిమిట్ పెట్టా. టెస్టింగ్‌లో అప్పటికే తొమ్మిది ఉన్నాయి, కాలమ్ మొత్తం ఎర్రబడింది. చీటీల కోసం ఫోన్ చేస్తున్నా. థాంక్సండీ.