రెండు గంటలు నడిచాక పొక్లెయిన్‌లో ‘కమ్యూనికేషన్ ఎర్రర్’, ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్ డబ్బా) మార్చాల్సిందేనా?

మొరంబండి, నాగర్‌కర్నూల్:

అన్నలకు నమస్తే. నాది ఇరవై టన్నుల పొక్లెయిన్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. కంపెనీ పేరు వద్దులెండి. మీటర్ మీద 9,240 గంటలు. బిజినేపల్లి వైపు చెరువు మట్టి పని నడుస్తోంది, నాలుగు టిప్పర్లు లైన్‌లో ఉంటాయి.

పొద్దున ఆరున్నరకు స్టార్ట్ చేస్తే ఏ గోలా ఉండదు. ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్యలో మానిటర్ మీద ఎర్ర లైటు వెలిగి ‘కమ్యూనికేషన్ ఎర్రర్’ అని వస్తుంది. ఆర్‌పీఎం చోట గీతలు, కూలెంట్ టెంపరేచర్ చోట గీతలు. ఇంజన్ మాత్రం ఆగదు. కానీ ఇంజన్ స్పీడు పెంచే డయల్ ఎంత తిప్పినా ఐడిల్ మీదే ఉంటుంది. నిండు బకెట్‌తో బూమ్ లేపమంటే ముసలి ఎద్దులా మూలుగుతుంది. తాళం తీసి, చాయ్ తాగి వచ్చి మళ్లీ వేస్తే ఒక్కోసారి బాగవుతుంది, ఒక్కోసారి కాదు. మధ్యాహ్నం అన్నానికి గంట సేపు ఆపితే మళ్లీ నాలుగింటి దాకా బంగారంలా నడుస్తుంది.

సర్వీస్ టెక్నీషియన్‌ను పిలిపించా. అతను వచ్చింది అన్నాలయ్యాక, అంటే బండి బాగున్నప్పుడు. ల్యాప్‌టాప్ పెట్టి ఎస్‌పీఎన్ 639, ఎఫ్‌ఎంఐ 9 అని ఎర్రర్ కోడ్ చూపించాడు. ఈసీఎం పోయింది, లక్షా ఎనభై వేలు అవుతుందన్నాడు. పోయిన డబ్బా పొద్దున రెండు గంటలు ఎట్లా పనిచేస్తుంది అని అడిగితే, ‘వేడికి అట్లనే అవుతుంది’ అన్నాడు. విజిట్ చార్జీ తీసుకొని, కోడ్ చెరిపేసి వెళ్లిపోయాడు.

నేను చేసినవి: బ్యాటరీలు రెండూ కొత్తవి వేయించా. ఫ్యూజులు తీసి చూశా. బాడీ ఎర్త్ బోల్టు విప్పి, గీకి, బిగించా. నాలుగు నెలల కింద పంపు దగ్గర హోస్ పగిలితే సైట్‌లోనే మార్పించా. అంతకు మించి బండి మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. కిస్తీ ఈ నెల పదో తారీకుకు ఉంది, నిజంగా టెన్షన్‌గా ఉంది. ఈసీఎం తప్ప దారి లేదా?

చిట్యాల క్రషర్:

తొందరపడి కొనకు తమ్ముడూ. కిస్తీ ఉందన్నావు కదా, సీటు వెనక ప్యానెల్ ఒకసారి విప్పు. మా లోడర్‌కు ఫైనాన్స్ వాళ్లు పెట్టించిన జీపీఎస్ డబ్బా వైర్లను తెచ్చి కమ్యూనికేషన్ వైర్ల మీదే గీకి చుట్టారు, పైన నల్ల టేపు. ఆ డబ్బాలో ఇంకో రెసిస్టర్ ఉందట, మీటర్ పెడితే 60 రావాల్సిన చోట 40 ఓమ్స్ వచ్చింది. నువ్వే పీకేయకు, ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి. వాళ్ల మనిషినే పిలిపించి కనెక్షన్ మార్పించు.

జడ్చర్ల ఎలక్ట్రీషియన్:

క్రషర్ అన్న చెప్పింది జరిగేదే, నేనూ చూశా. కానీ జీపీఎస్ డబ్బా తప్పయితే పొద్దున ఆరున్నరకే సతాయించాలి. నీ బండి గడియారం చూసుకొని మరీ సతాయిస్తోంది. రెండు గంటలంటే హైడ్రాలిక్ ఆయిల్ బాగా కాగే టైమ్.

ఆ కోడ్ చెప్పేది ఒక్కటే: లైన్ మీద రావాల్సిన సమాచారం టైముకు రావడం లేదు. ఈసీఎం డబ్బా పోయిందని అందులో ఎక్కడా లేదు. ఈసీఎం వేడికి మొరాయించడం అసలు ఉండదని నేను అనను, కానీ దాన్ని చివర్న అనుమానించాలి.

ఆ లైన్‌ను క్యాన్ అంటారు. రెండే వైర్లు, ఒకదానికొకటి మెలితిప్పి ఉంటాయి. చాలా బండ్లలో పసుపు ‘హై’, ఆకుపచ్చ ‘లో’. ఈసీఎం, మానిటర్, పంపు కంట్రోలర్ అన్నీ ఆ రెండింటి మీదే మాట్లాడుకుంటాయి. నువ్వు డయల్ తిప్పిన సంగతి కూడా ఈసీఎంకు అటు నుంచే చేరుతుంది. అది చేరకపోతే ఇంజన్ తన ఐడిల్ తాను చూసుకుంటుంది, అందుకే ఆగడం లేదు. లైన్ రెండు కొసలకూ చెరో 120 ఓమ్స్ రెసిస్టర్ ఉంటుంది. కాలువ కొసన నీళ్లు కట్టకు కొట్టుకొని వెనక్కి తన్నుతాయి చూడు, సిగ్నల్ కూడా అట్లనే తన్నుతుంది. దాన్ని మింగేయడానికే అవి. రెండూ ప్యారలల్‌గా ఉంటాయి కాబట్టి హై, లో మధ్య మీటర్ పెడితే 60 రావాలి.

ఇప్పుడు పని. తాళం తీసెయ్, బ్యాటరీ కట్ఆఫ్ స్విచ్ ఆపు, ఐదు నిమిషాలు ఆగు. కరెంటు ఉండగా ఓమ్స్ చూస్తే మీటర్ నోటికొచ్చింది చెబుతుంది. నీ బండికి తొమ్మిది పిన్నుల గుండ్రటి డయాగ్నస్టిక్ సాకెట్ ఉంటే సి, డి పిన్నుల మధ్య చూడు. 60 వస్తే లైన్ అప్పటికి బాగుంది. 120 వస్తే ఒక కొస తెగింది. సున్నా దగ్గర వస్తే రెండు వైర్లూ ఒకదానికొకటి అంటుకున్నాయి. చల్లటి బండి మీద 60 వచ్చిందని సంబరపడి వదిలేయకు, ఎర్రర్ వచ్చిన నిమిషంలోనే ఆపి మళ్లీ చూడు. మీ టెక్నీషియన్ చేయనిది అదే.

తర్వాత తాళం ఆన్ చేసి ఒక్కో వైరుకూ ఎర్త్‌కూ మధ్య వోల్ట్స్ చూడు. హై మీద రెండున్నరకు కొంచెం పైన, లో మీద కొంచెం కింద ఉండాలి. 24 కనిపిస్తే ఎక్కడో పవర్ వైరు తగిలింది.

ఒక్కటి గుర్తుపెట్టుకో. మన దగ్గర చాలామంది బల్బు టెస్టర్ సూదిని వైరులో గుచ్చుతారు. ఈ వైర్లకు అది వద్దు. బల్బు గుంజుకునే కరెంటుకు కంట్రోలర్ దెబ్బతినొచ్చు, గుచ్చిన చిల్లులోంచి నీళ్లు దిగి ఆరు నెలలకు లోపల పచ్చగా చిలుము పడుతుంది.

ఆ హోస్ మార్చినప్పుడు వైరింగ్ ఎక్కడి నుంచి తప్పించి ఎక్కడ కట్టారో, ఆ చోటు ముందు చూడు.

మొరంబండి, నాగర్‌కర్నూల్:

అన్నా, మీరు చెప్పినట్టే చేశా. పొద్దున స్టార్ట్ చేయకముందు 60.4. తొమ్మిదికి పది నిమిషాలు ఉందనగా ఎర్రర్ వచ్చింది. టిప్పర్ డ్రైవర్లు హారన్ కొడుతున్నా పట్టించుకోకుండా ఆపి, కట్ఆఫ్ తీసి చూస్తే 121! మా హెల్పర్‌ను సాకెట్ దగ్గర మీటర్ చూస్తూ ఉండమని, నేను పంపు వైపు తలుపు తీసి వైరింగ్‌ను జానెడు జానెడు కదిలించుకుంటూ వెళ్లా. ఒక చోట పట్టుకోగానే వాడు ‘అరవై, నూట ఇరవై, మళ్లీ అరవై’ అని అరవడం మొదలుపెట్టాడు.

హోస్ మార్చినవాళ్లు పాత క్లాంపు బోల్టు వేయకుండా వైరింగ్‌ను తీసుకెళ్లి పంపు నుంచి వచ్చే స్టీల్ పైపుకు ప్లాస్టిక్ ట్యాగ్‌తో బిగించారు. ఆ పైపు మీద చెయ్యి పెట్టి మూడు లెక్కపెట్టలేం. స్లీవ్ మెత్తబడి పైపుకు అతుక్కుపోయింది. విప్పి చూస్తే పసుపు వైరు బాగుంది. ఆకుపచ్చది పైకి మామూలుగానే ఉంది, వేళ్ల మధ్య నలిపితే మాత్రం లోపల అరంగుళం మేర ఖాళీగా తగిలింది. రాగి పోగులన్నీ తెగి, చల్లగా ఉన్నప్పుడు ఒకదానికొకటి ఆనుకొని ఉంటున్నాయి. పైపు వేడెక్కి సాగి, అదురుకు విడిపోతున్నాయి. ఇంజన్ వైపు రెసిస్టర్, ఈసీఎం రెండూ ఆ తెగిన చోటుకు అవతలే.

ప్రస్తుతానికి మెలేసి టేపు చుట్టి నడుపుతున్నా, సాయంత్రం ఆరింటి దాకా ఒక్కసారి కూడా రాలేదు. పక్కా రిపేరు ఎట్లా చేయాలి? సోల్డర్ పెట్టనా?

జడ్చర్ల ఎలక్ట్రీషియన్:

శభాష్. సోల్డర్ వద్దు, అదురుకు దాని పక్కనే మళ్లీ తెగుతుంది. దెబ్బతిన్న ముక్క కోసేసి, అదే మందం వైరుతో క్రింప్ జాయింట్ (నొక్కి బిగించేది) వేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే తొడుగు) ఎక్కించు. పసుపు వైరుకు కూడా ఆ చోట తొడుగు కరిగిందేమో గోటితో గీకి చూడు. జాయింట్లు రెండిటికీ వేయాల్సి వస్తే ఒకదాని ఎదురుగా ఒకటి రాకుండా రెండు అంగుళాలు ఎడం పెట్టు. మెలిక పాతదానిలో ఎట్లా ఉందో అట్లనే తిప్పు. బయటి గోల రెండు వైర్లకూ సమానంగా తగలాలనే ఆ మెలిక, కంట్రోలర్ చూసేది రెండింటి మధ్య తేడానే.

ఆ క్లాంపుకు బోల్టు దొరికిందా?

మొరంబండి, నాగర్‌కర్నూల్:

క్లాంపు పైపు కిందనే వేలాడుతోంది అన్నా, బోల్టు లేదు. పది ఎంఎం బోల్టు ఒకటి తెచ్చి బిగించా. ఆ ట్యాగ్ ఒక్కటే కాదు, స్వింగ్ మోటర్ దగ్గర ఇంకో రెండు ఉన్నాయి. వాటినీ కోసేశా.