కొత్త పీజీ కోర్సు ప్రతిపాదన: విభాగం నుంచి పాలకమండలి దాకా మీ అనుభవాలు చెప్పండి

గణాంక అధ్యాపకుడు:

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్ర విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. వచ్చే విద్యాసంవత్సరం నుంచి మా విభాగంలో డేటా సైన్స్ ఎమ్మెస్సీ ప్రారంభించాలని శాఖాధిపతి గారు నిర్ణయించి, ప్రతిపాదన తయారుచేసే బాధ్యతను నాకు అప్పగించారు. సిలబస్ రాయడం నాకు పెద్ద కష్టం కాదు గానీ, ఆ కాగితం ఎవరెవరి బల్లల మీదుగా వెళుతుందో, ఎక్కడ ఆగుతుందో, ఎవరు ఏ ప్రశ్న వేస్తారో స్పష్టంగా చెప్పగలిగినవారు విభాగంలో లేరు. 1991 నాటి విశ్వవిద్యాలయాల చట్టం కింద నడిచే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో ఈ పని చేసినవారు తమ అనుభవాలను పంచుకోవాలని కోరుతున్నాను.

విశ్రాంత సూపరింటెండెంట్:

మాస్టారూ, నేను అకడమిక్ సెక్షన్‌లో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. పుస్తకంలో ఉన్న దారి సులభమే. మొదట విభాగ కమిటీ తీర్మానం చేస్తుంది, తరువాత బోర్డ్ ఆఫ్ స్టడీస్ (బీఓఎస్, అంటే ఆ సబ్జెక్టు నిపుణుల బోర్డు) కోర్సు స్వరూపాన్నీ సిలబస్‌నూ ఖరారు చేస్తుంది, ఆపైన ఫ్యాకల్టీ డీన్ ద్వారా విద్యా విషయాలు చూసే అకడమిక్ సెనేట్‌కు, చివరకు పాలకమండలికి వెళుతుంది. ఆచరణలో సెనేట్ పూర్తిస్థాయిలో సమావేశం కావడం అరుదు కాబట్టి దాని తరఫున స్టాండింగ్ కమిటీయే పని ముగిస్తుంది. అడ్మిషన్ల నోటిఫికేషన్ ముంచుకొస్తున్నప్పుడు ఆ కమిటీ కోసం కూడా ఆగకుండా, వీసీ గారు తన అధికారంతో అనుమతి ఇచ్చి, ఆ విషయాన్ని తరువాతి సమావేశంలో ర్యాటిఫికేషన్‌కు, అంటే జరిగినదానికి ఆమోదముద్ర కోసం పెట్టిస్తారు. నా చేతుల మీదుగా వెళ్లిన కొత్త కోర్సుల్లో ఎక్కువభాగం తరగతులు మొదలయ్యాకే పాలకమండలి ఎజెండాలోకి ఎక్కాయి.

అయితే మీరు తెలుసుకోవలసింది ఈ మెట్ల వరుస కాదు, నోట్‌ఫైల్‌లోని ఒక వాక్యం. ప్రతిపాదన మా సెక్షన్‌కు రాగానే మేము దానిమీద నోట్ రాసేవాళ్లం. కోర్సు పేరు, కాలపరిమితి, సీట్లు, అర్హత, ఫీజు వరుసగా రాశాక చివరి పేరాలో ‘ఈ కోర్సు ప్రారంభించడం వల్ల విశ్వవిద్యాలయంపై అదనపు ఆర్థిక భారం ఉండదు’ అని రాయడం ఆనవాయితీ. ఆ వాక్యం ఉంటే ఫైనాన్స్ ఆఫీసర్ సంతకం ఆ పూటే అయ్యేది. అది లేకపోతే మార్జిన్‌లో పెన్సిల్‌తో ‘పోస్టులు? గదులు?’ అన్న ప్రశ్నలతో ఫైలు విభాగానికి తిరిగివెళ్లేది. అందువల్ల శాఖాధిపతులు ఆ వాక్యాన్ని తామే రాసి పంపడం అలవాటు చేసుకున్నారు. రెండేళ్ల తరువాత అదే విభాగం అధ్యాపకులు కావాలని ఉత్తరం రాసినప్పుడు, మేము పాత ఫైలు తెరిచి అదే పేజీకి ఫ్లాగ్ (గుర్తు చీటీ) పెట్టి పైకి పంపేవాళ్లం.

గణాంక అధ్యాపకుడు:

మీరు చెప్పిన వాక్యం మా ముసాయిదాలో ఇప్పటికే ఉంది. నమూనా కోసం ఇచ్చిన పాత ప్రతిపాదన నుంచి అది యథాతథంగా వచ్చింది.

మాజీ బీఓఎస్ చైర్మన్:

సూపరింటెండెంట్ గారు చెప్పినది అక్షరసత్యం. బోర్డు లోపల జరిగే సంగతి నేను చెబుతాను. బయటి విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే సభ్యులు సాధారణంగా సిలబస్‌లో ఏ యూనిట్ ముందు, ఏది వెనుక, ఏ పాఠ్యపుస్తకం పాతబడింది అన్న చర్చలో మునిగిపోతారు. అది అవసరమే గానీ, విద్యార్థి జీవితాన్ని అంతకంటే ఎక్కువగా ప్రభావితం చేసేది కోర్సు పేరు. 1956 యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం, కేంద్ర ప్రభుత్వ అనుమతితో యూజీసీ గెజిట్‌లో ప్రకటించిన డిగ్రీలను మాత్రమే విశ్వవిద్యాలయాలు ఇవ్వాలి. ఆ జాబితాను 2014లో సమగ్రంగా ప్రకటించారు. ఎమ్మెస్సీ అందులో ఉంది, డేటా సైన్స్ దాని స్పెషలైజేషన్ అవుతుంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. కానీ కొత్తదనం కోసం డిగ్రీ పేరునే మార్చి ‘మాస్టర్ ఆఫ్ ఫలానా’ అని పెట్టాలని ఎవరైనా ఉత్సాహపడితే బోర్డు స్థాయిలోనే ఆపించండి. స్పెషలైజేషన్ పేరు విషయంలో కూడా గణాంకశాస్త్రం అన్న మాట డిగ్రీ పట్టాలో ఎక్కడో ఒకచోట ఉండేలా చూడగలిగితే మేలు.

పూర్వ విద్యార్థిని:

పై సలహాను తేలికగా తీసుకోవద్దని మనవి. నేను చదివిన పీజీ కోర్సు రెండు విభాగాలు కలిసి నడిపినది, చాలా మంచి అధ్యాపకులు పాఠాలు చెప్పారు. కానీ ఆ పేరు ఏ నియామక నోటిఫికేషన్‌లోనూ అర్హతల వరుసలో కనిపించదు. లెక్చరర్ పోస్టుకు దరఖాస్తు చేసినప్పుడు, ఈ డిగ్రీ మాతృశాస్త్రంతో సమానమని ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. దానికోసం విశ్వవిద్యాలయానికి వెళితే, అసలు ఏ బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఈ కోర్సుకు బాధ్యత వహిస్తుందన్న విషయంలోనే రెండు విభాగాలకు ఏకాభిప్రాయం లేదు. సర్టిఫికెట్ చివరకు వచ్చింది గానీ పత్రాల పరిశీలన గడువు అప్పటికే దాటిపోయింది. సమానత్వానికి సంబంధించిన తీర్మానాన్ని కోర్సు ఆమోదంతో పాటే చేయించమని నా అభ్యర్థన.

మాజీ బీఓఎస్ చైర్మన్:

అమ్మా, మీరు చెప్పిన తీర్మానం ఒక్క వాక్యం. బోర్డు మినిట్స్‌లో మొదటి రోజే రాయించవచ్చు. గణాంక అధ్యాపకుడు గారు దీన్ని ఎజెండాలో ప్రత్యేక అంశంగా పెట్టాలి.

న్యాయశాఖ పరిశోధకుడు:

నియంత్రణ సంస్థల గురించి కూడా రెండు మాటలు. సాంకేతిక కోర్సు అనగానే ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యామండలి) అనుమతి ఎక్కడుందని స్టాండింగ్ కమిటీలో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. భారతీదాసన్ విశ్వవిద్యాలయం కేసులో 2001లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, విశ్వవిద్యాలయం తన సొంత విభాగాల్లో సాంకేతిక కోర్సు ప్రారంభించడానికి ఏఐసీటీఈ ముందస్తు అనుమతి అక్కరలేదు. ప్రమాణాలు పాటించాలన్న బాధ్యత మాత్రం ఉంటుంది. అనుబంధ కళాశాలలకు ఈ వెసులుబాటు వర్తించదు. 2024-25 నుంచి వాటిలోని బీబీఏ, బీసీఏ కోర్సులు కూడా ఏఐసీటీఈ పరిధిలోకి వెళ్లిన సంగతి తెలిసిందే. బీఈడీకి ఎన్‌సీటీఈ, ఎల్‌ఎల్‌బీకి బార్ కౌన్సిల్, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్ విడిగా ఉన్నాయి. మీ ఎమ్మెస్సీకి ఇవేవీ అడ్డురావు. దీన్నే దూరవిద్యలో కూడా నడపాలనుకుంటే అది వేరే దరఖాస్తు, యూజీసీ 2020 నిబంధనల కింద వేరే అనుమతి.

లెక్కల సెక్షన్:

ఆర్థిక విభాగం నుంచి ఒక భిన్నాభిప్రాయం నమోదు చేయదలచుకున్నాను. ‘అదనపు భారం ఉండదు’ అన్న వాక్యాన్ని మీరంతా మోసంలా చిత్రిస్తున్నారు. విద్యార్థుల ఫీజులతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు విషయంలో అది నిజమే కావచ్చు. ఫీజుల నుంచి గెస్ట్ అధ్యాపకుల పారితోషికం, ల్యాబ్ ఖర్చు వెళ్లిపోయి ఎంతోకొంత మిగిలిన కోర్సుల పద్దులు నేను చూశాను. ఆ మిగులు విభాగం చేతిలో ఉండక విశ్వవిద్యాలయ ఉమ్మడి ఖాతాలో కలిసిపోవడం అసలు ఇబ్బంది. ఆ తరువాత ఒక కంప్యూటర్ కొనాలన్నా కొత్తగా అనుమతి కావాలి. కాబట్టి పోస్టులు అడగడం కంటే, వసూలైన ఫీజులో ఇంత శాతం విభాగాభివృద్ధి పద్దుకు జమ కావాలన్న షరతును ఆమోద తీర్మానంలోనే పెట్టించుకోవడం ఎక్కువ ఆచరణీయమని నా అభిప్రాయం.

విశ్రాంత సూపరింటెండెంట్:

లెక్కల సెక్షన్ వారి సూచన మంచిదే గానీ అది ల్యాబ్‌ను నిలబెడుతుంది, అధ్యాపకుడిని తీసుకురాదు. పంచవర్ష ప్రణాళికల కాలంలో యూజీసీ నిధులతో కొత్త కోర్సులు వచ్చినప్పుడు కొన్ని పోస్టులైనా వెంట వచ్చేవి. ప్రణాళిక గడువు తీరాక వాటి జీతాలు రాష్ట్రం భరిస్తుందని ముందే హామీ ఇవ్వవలసి ఉండేది. 2017లో పన్నెండో ప్రణాళికతో ఆ ఏర్పాటు ముగిసింది. ఆ తరువాత వచ్చిన కోర్సుల ఫైళ్లలో గెస్ట్ ఫ్యాకల్టీ అన్న మాట తప్ప పోస్టు అన్న మాట నాకు కనబడలేదు.

గణాంక అధ్యాపకుడు:

మీ సూచనల తరువాత ఈ రాత్రి పనిభారం లెక్క వేశాను. మా ముసాయిదాలో ఒక్కో సెమిస్టర్‌కు నాలుగు క్రెడిట్ల థియరీ పేపర్లు నాలుగు, రెండు క్రెడిట్ల ల్యాబ్‌లు రెండు, మొత్తం 20 క్రెడిట్లు. థియరీలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట, ల్యాబ్‌లో రెండు గంటలు కాబట్టి వారానికి 16 గంటల థియరీ, 8 గంటల ల్యాబ్. రెండో సంవత్సరం కూడా మొదలయ్యాక రెండు బ్యాచ్‌లకు కలిపి 48 గంటలు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి ప్రత్యక్ష బోధన 16 గంటలు. అంటే ముగ్గురు పూర్తికాలపు మనుషుల పని. మా ల్యాబ్‌లో తరగతి మొత్తానికి చోటు చాలదు కాబట్టి విద్యార్థులను రెండు జట్లుగా విడగొడితే ల్యాబ్ గంటలు రెట్టింపై మొత్తం 64 అవుతాయి, నలుగురు కావాలి. ప్రస్తుతం ఉన్న ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌తోనే మాకు తీరిక లేదు. ఈ లెక్కను ప్రతిపాదనకు జతచేసి ఆ వాక్యాన్ని తీసేస్తే ఫైలు ఆగిపోతుందా?

విశ్రాంత సూపరింటెండెంట్:

ఒకసారి తిరిగివస్తుంది, ఆగిపోదు. తేడా ఏమిటంటే, పోస్టుల మంజూరు పాలకమండలి చేతిలో ఉండదు. ఉన్నత విద్యాశాఖ, ఆర్థికశాఖ కార్యదర్శులు ఆ మండలిలో సభ్యులైనా, అక్కడ ఊ అన్నంత మాత్రాన జీవో రాదు. ఆర్థికశాఖ సమ్మతి వేరే ఫైలు. అందువల్ల మీరు ‘ప్రస్తుత అధ్యాపకులతో మొదటి సంవత్సరం నడపగలం, రెండో సంవత్సరం నుంచి ఇన్ని గంటలు మిగిలిపోతాయి, వాటికి పోస్టుల కోసం ప్రభుత్వానికి ప్రతిపాదించాలి, అవి వచ్చేదాకా కాంట్రాక్టు నియామకానికి ఫీజు ఆదాయం నుంచి ఇంత కేటాయించాలి’ అని రాయండి. లెక్కల సెక్షన్ వారి షరతు కూడా అందులో ఇమిడిపోతుంది. పట్టికను విభాగ కమిటీ తీర్మానానికి అనుబంధంగా చేర్చి, బోర్డు మినిట్స్‌లో దాని ప్రస్తావన వచ్చేలా చూడండి. అప్పుడు నాలాంటివాడు రేపు పాత ఫైలు తెరిచినా ఫ్లాగ్ మీ పట్టికకే పెట్టవలసి వస్తుంది. సీట్ల సంఖ్యను కూడా ల్యాబ్‌లో పట్టేంతకు తగ్గించి అడగండి. తరువాత పెంచుకోవడం సులభం, తగ్గించుకోవడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

అడ్మిషన్ల సహాయకుడు:

ఇంకొక విషయాన్ని ఎవరూ ప్రస్తావించలేదు. పాలకమండలి ఆమోదించినా, ఉమ్మడి ప్రవేశపరీక్ష నోటిఫికేషన్‌లో కోర్సు పేరు చేరకపోతే సీట్లు ఖాళీగా ఉంటాయి. తెలంగాణలో సీపీజెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ నిర్వాహకులకు, ఏ టెస్ట్ పేపర్ రాసినవారు ఈ కోర్సుకు అర్హులో మీ ప్రొసీడింగ్స్ స్పష్టంగా చెప్పాలి. డేటా సైన్స్‌కు స్టాటిస్టిక్స్ పేపర్ ఒక్కటేనా, గణితం, కంప్యూటర్ సైన్స్ పేపర్లు రాసినవారికి కూడా అవకాశముందా అన్నది బోర్డు స్థాయిలోనే తేలాలి, లేకపోతే కౌన్సెలింగ్ నాడు ఫోన్‌లో తేల్చవలసి వస్తుంది. అదేవిధంగా బోధన రుసుములు, ఉపకారవేతనాల పోర్టల్‌లో కోర్సు నమోదయిందో లేదో చూసుకోండి. తెలంగాణలో అది ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి. కోర్సు పేరు అక్కడ కనబడక, దరఖాస్తు చేయడానికి వీలులేక మొదటి బ్యాచ్ విద్యార్థులు మా కౌంటర్ ముందు నిలబడటం నేను చూశాను.

గణాంక అధ్యాపకుడు:

అందరికీ ధన్యవాదాలు. పనిభారం పట్టిక, సమానత్వ తీర్మానం, టెస్ట్ పేపర్ అర్హత అనే మూడు అంశాలను విభాగ కమిటీ ఎజెండాలో చేర్చాను. శాఖాధిపతి గారు మొదటిదాని విషయంలో మాత్రం ఇంకా సందేహిస్తున్నారు. ఆ వాక్యం లేకుండా ఫైలు పంపిన శాఖాధిపతి మన విశ్వవిద్యాలయంలో ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నారు. అటువంటి ప్రతిపాదన ఆమోదం పొందిన సందర్భం ఎవరికైనా తెలిసివుంటే, ఆ తీర్మానంలోని పదాల కూర్పును ఇక్కడ పెట్టగలరా?