గ్రామసభలో అడిగిన పని తీర్మానంలోకి ఎక్కాలంటే?

పలమనేరు కుర్రోడు: మండల పరిషత్ (ఎంపీ) స్కూలు ముందు మురుగుకాలవ పొంగుతాంది. గ్రామసభలో చెప్తే తలూపుతారు, తీర్మానాల పుస్తకంలో మాత్రం ఉండదు. ఏం చేయాలన్నా?

మాజీ వార్డు మెంబరు: నోటిమాట నిలవదు తమ్ముడూ. సభకు ముందే అర్జీ రెండు కాపీలు రాసి కార్యదర్శికి ఒకటిచ్చి, రెండోదానిమీద తేదీతో సంతకం, ముద్ర వేయించుకో. "కాలవ బాగుచేయండి" అని రాస్తే చాలదు. "స్కూలు గేటు నుంచి బోరింగు దాకా, 80 మీటర్లు, మూత లేదు" అని కొలతలతో రాస్తేనే ఇంజినీరు అంచనా వేయగలడు. ఇంకోటి, తీర్మానం రాయకముందే ఖాళీ పేజీలో సంతకాలు పెట్టించేస్తారు. అసలు తిరకాసంతా అక్కడే. చదివాకే పెట్టు.

చిత్తూరు లెక్కలు: పని ఏ పద్దు కిందో కూడా చూడాలి. కేంద్రం పంచాయతీలకిచ్చే 15వ ఆర్థిక సంఘం 2021-26 నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించారు. సిమెంటు రోడ్డడిగితే మిగతా 40 శాతంలోంచే రావాల్సి ఉండేది, దానికి పోటీ ఎక్కువ. మురుగుకాలవ పారిశుధ్యం కిందికొస్తుంది, అట్లనే రాయండి.

పలమనేరు కుర్రోడు: రాశారో లేదో తెలిసేదెట్లా?

చిత్తూరు లెక్కలు: పంచాయతీల పనులు, లెక్కలు పెట్టే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో మీ పంచాయతీ ప్రణాళిక తెరిచి చూడండి. లేకపోతే తీర్మానం నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దరఖాస్తు రుసుం లేదు, గడువు 30 రోజులు.

మాజీ వార్డు మెంబరు: వీధిలో ఆడోళ్లను కూడా పిల్చుకుపో. ఒక్కడివే పోతే పక్కన కూర్చోబెడతారు.