ఒకే మనిషికి మూడు చీటీల మీద మూడు జబ్బుల పేర్లు: ఓపీకి వెళ్ళేముందు ఇంట్లోవాళ్ళు ఏం రాసుకోవాలి? (చర్చ)

గాజువాక_సహాయి
విశాఖలో మానసిక వైద్యం ఓపీకి మొదటిసారి వెళ్ళే కుటుంబాల కోసం ఒక పేజీ కాగితం తయారు చేస్తున్నాం. చినవాల్తేరు ఆసుపత్రికి వెళ్ళినా, కేజీహెచ్‌కి వెళ్ళినా, ప్రైవేటు క్లినిక్‌కి వెళ్ళినా పనికిరావాలి. అందరూ అడిగేది ఒకటే: "ఒక డాక్టరు యాంగ్జైటీ అన్నారు, ఇంకొకరు డిప్రెషన్ అన్నారు, ఇప్పుడు బైపోలార్ అంటున్నారు, ఎవరి మాట నమ్మాలి?" దీనికి ఏం జవాబు చెప్పాలి? కాగితంలో ఏ గళ్ళు పెట్టాలి? ఈ పనిలో ఉన్నవాళ్ళు రాయండి.

ఓపీ_గది_7
ముగ్గురూ ఆ రోజుకి సరిగ్గానే చూసి ఉండొచ్చండి. షుగరుకి రక్తపరీక్షలో అంకె వస్తుంది. ఇక్కడ అలా జబ్బు పేరు తేల్చే పరీక్ష లేదు. ఏ లక్షణాలున్నాయి, ఎన్నాళ్ళుగా ఉన్నాయి, పనికీ ఇంటికీ ఎంత అడ్డొస్తున్నాయి అన్నదాని మీదే నిర్ణయం.

డిప్రెషన్‌నే తీసుకోండి. డీఎస్‌ఎం-5 (మానసిక జబ్బులకి పేరు పెట్టడానికి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) ప్రకారం 9 లక్షణాల్లో కనీసం 5, వరసగా 2 వారాలు ఉండాలి. వాటిలో దిగులు గానీ, దేనిమీదా ఆసక్తి లేకపోవడం గానీ ఒకటి తప్పనిసరి. లెక్క కడితే 227 రకాల కలయికలు వస్తాయి. ఇద్దరు రోగులకి కలిసే లక్షణం ఒక్కటే అయినా ఇద్దరి చీటీలోనూ అదే పేరు ఉండొచ్చు. పైగా నిద్ర పట్టకపోవడమూ, రోజంతా పడుకోవడమూ ఒకే గడిలో పడతాయి.

అటు నుంచి చూసినా చిక్కే. నిద్ర పట్టకపోవడం అనే ఒక్క లక్షణం దిగుల్లో ఉంటుంది, గాబరాలో ఉంటుంది, మేనియాలో (బైపోలార్‌లో దిగులుకి ఎదురుగా వచ్చే మితిమీరిన హుషారు దశ) ఉంటుంది, మందు మానేసిన మొదటి వారంలో ఉంటుంది, థైరాయిడ్ ఎక్కువైనా ఉంటుంది. అందుకే ఆ రోజు ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి చెప్పేదానికంటే, గత రెండు మూడేళ్ళలో ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది అన్నదే ఎక్కువ చెబుతుంది. మీ కాగితంలో సగం దానికే కేటాయించండి.

సీతమ్మధార_జీపీ
మా దగ్గరికి "మనసు బాగోలేదు" అని ఎవరూ రారు. గుండె దడ, గ్యాస్, తల బరువు, ఒళ్ళంతా మంటలు, కాళ్ళు లాగేస్తున్నాయి, ఇలా వస్తారు. ఈసీజీ, ఎండోస్కోపీ, స్కానింగ్ అన్నీ అయ్యి, రిపోర్టులన్నీ మామూలుగా ఉన్నాక మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతాం. అప్పటికే ఏడాది పోతుంది.

దీనికి ఎదురు పొరపాటూ ఉంది. అంతా మనసులోనే ఉందని తేల్చేసి ఒంటిని చూడకపోవడం. కనీసం టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, బీ12, షుగరు, సోడియం చూడకుండా పేరు పెట్టొద్దు. థైరాయిడ్ తక్కువైతే అచ్చం డిప్రెషన్ లాగే మందకొడిగా, నీరసంగా ఉంటారు. ఎక్కువైతే దడ, వణుకు, చిరాకు, అచ్చం గాబరా లాగే.

పెద్దవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్త. 70 ఏళ్ళ మనిషి రెండు రోజుల్లో ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతూ, పొద్దున్న బాగానే ఉండి సాయంత్రానికి ఇంట్లోవాళ్ళని గుర్తు పట్టకపోతే అది డెలిరియం. ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం, కొత్తగా మొదలైన మందులు చూడాలి. అది ఎమర్జెన్సీ, వచ్చే సోమవారం ఓపీకి అని ఆగకూడదు.

సాగర్‌నగర్_సైకాలజీ
అడిగే తీరులోనే సగం తప్పు జరుగుతుంది. "మీకు మాటలు వినిపిస్తాయా?" అంటే చాలామంది "వినిపిస్తాయండి" అంటారు. పక్కింటివాళ్ళ మాటలు వినిపిస్తాయని వాళ్ళ ఉద్దేశం. చీటీలో మాత్రం భ్రమ అని పడిపోతుంది. ఇలా విడగొట్టి అడగాలి: గదిలో ఒక్కరే ఉన్నప్పుడా? పక్కనున్నవాళ్ళకి వినపడని గొంతా? పూర్తి మెలకువలోనా, నిద్రలోకి జారుతున్నప్పుడా? నిద్రలోకి జారేటప్పుడు ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వినిపించడం ఆరోగ్యవంతులకీ జరుగుతుంది. భర్త పోయిన కొత్తలో ఆయన గొంతు విన్నానని ఒకావిడ అంటే, అది ఒక్కటే పట్టుకుని సైకోసిస్ (లేనివి ఉన్నట్టు వినడం, నమ్మడం) అనకూడదు.

అలాగే "ఎప్పుడైనా బాగా హుషారుగా ఉన్నారా?" అంటే అందరూ ఉన్నామనే అంటారు. అడగాల్సింది ఇది: "3 గంటలే పడుకుని, మర్నాడు నీరసమే లేకుండా, వరసగా 4 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నారా? అప్పుడు ఇంట్లోవాళ్ళు 'ఏంటి, ఇలా ఉండవే నువ్వు' అన్నారా?" ఈ ప్రశ్నకి జవాబు రోగికంటే ఇంట్లోవాళ్ళ దగ్గరే సరిగ్గా దొరుకుతుంది.

పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్‌ని అంచనా వేసే 9 ప్రశ్నల పట్టిక) ఫోనులో నింపుకుని వచ్చేవాళ్ళకి ఒక మాట. 27కి 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరుకి చూపించాలని అర్థం, జబ్బు ఖాయమని కాదు. మొత్తం ఎంతొచ్చినా 9వ ప్రశ్నకి, అంటే చనిపోతే బాగుండు అనే ఆలోచనకి, సున్నా కాకుండా ఏది పెట్టినా ఆ రోజే ఎవరో ఒకరు కూర్చుని మాట్లాడాలి.

గాజువాక_సహాయి
మా వైపు స్టీల్‌ప్లాంటు, పోర్టు షిఫ్టులవాళ్ళు ఎక్కువ. నిద్ర గడి ఎలా పెట్టాలి?

ఓపీ_గది_7
గంటలు మాత్రమే రాయిస్తే లాభం లేదు. రోజుకో వరస, మూడే గళ్ళు: ఏ షిఫ్టు, ఎన్ని గంటలు పడుకున్నారు, లేచాక నీరసమా ఉత్సాహమా. తేడా అంతా మూడో గడిలో ఉంది. సి షిఫ్టు (రాత్రి షిఫ్టు) చేసి పగలు నిద్రపట్టక 4 గంటలే పడుకున్నవాడు మర్నాడు తూలిపోతాడు. మేనియా మొదలవుతున్నవాడు అదే 4 గంటలు పడుకుని, లేచి ఇల్లంతా సర్దేసి, అర్ధరాత్రి పది మందికి ఫోన్లు చేస్తాడు. బైపోలార్ ఉన్నవాళ్ళకి నిద్ర చెడడమే మేనియాని రేపే కారణం కావచ్చు కాబట్టి రెండు మూడు షిఫ్టు మార్పులు కలిసొచ్చేలా కనీసం 3 వారాలు రాయించండి.

బైపోలార్ ఆలస్యంగా తేలడానికి పెద్ద కారణం వేరే ఉంది. హుషారుగా ఉన్న రోజుల్లో ఎవరూ ఆసుపత్రికి రారు, కుంగినప్పుడే వస్తారు. డాక్టరు కళ్ళకి కనబడేది డిప్రెషనే. దానికి ఒక్క యాంటీడిప్రెసెంటే ఇస్తే కొందరు కొద్ది వారాల్లో మేనియాలోకి వెళ్ళిపోతారు. అప్పుడు రెండో చీటీలో పేరు మారుతుంది.

వార్డు_సిస్టర్
నా వంతు ఒక్కటే, కానీ దయచేసి కాగితంలో పెద్దక్షరాలతో పెట్టండి. సైకోసిస్ మందు మొదలెట్టిన కొద్ది రోజుల్లోనో, డోసు పెంచాకనో మనిషి కూర్చోలేడు. కూర్చుంటే లేస్తాడు, నిలబడి ఒక కాలి నుంచి ఇంకో కాలికి బరువు మారుస్తూ ఉంటాడు, "కాళ్ళు ఆగట్లేదు సిస్టర్" అంటాడు. దీన్ని అకథీసియా అంటారు. ఇది మందు వల్ల వచ్చింది. ఇంట్లోవాళ్ళకి మాత్రం జబ్బు ముదిరినట్టు కనిపిస్తుంది, అలాగే చెబుతారు. అది విని డోసు పెంచితే కాళ్ళ బాధ ఇంకా పెరుగుతుంది. ఆ బాధ తట్టుకోలేక ప్రాణం తీసుకోవాలనుకునేవాళ్ళూ ఉంటారు. "మందు మొదలైన ఎన్నో రోజున ఇది వచ్చింది?" అన్న గడి తప్పకుండా ఉండాలి.

మొహంలో కదలిక లేకపోవడం, నెమ్మదిగా నడవడం కూడా అంతే. అది జబ్బుదా, దిగులుదా, మందుదా అని తేదీలు చూస్తేనే తెలుస్తుంది.

మాత్రల_చీటీ
సిస్టర్ గారు చెప్పినదానికి తోడు ఇవి. వచ్చేటప్పుడు మాత్రల పేర్లు నోటితో చెప్పొద్దు, ఖాళీ స్ట్రిప్పులతో సహా సంచిలో వేసి తీసుకురండి. మానసిక మందులే కాదు, అన్నీ. ఆయాసానికి, కీళ్ళకి వాడే ప్రెడ్నిసొలోన్ మనిషిని మేనియాలోకైనా, కుంగుబాటులోకైనా తీసుకెళ్ళగలదు. టీబీకి వాడే ఐసోనియాజిడ్‌తో కొందరికి సైకోసిస్ వస్తుంది.

ఎవరో చెప్పారని అల్ప్రాజొలామ్ నెలల తరబడి వాడి ఒక్కసారి ఆపేస్తే వచ్చే గాబరా, నిద్రలేమి అసలు జబ్బు తిరగబెట్టినట్టే ఉంటాయి. ఫిట్స్ కూడా రావచ్చు. మానాలంటే డాక్టరు చెప్పిన లెక్కన కొంచెం కొంచెంగా తగ్గించాలి.

లిథియం వాడేవాళ్ళు మన ఊరి ఉక్కపోతలో ఇంకో ప్రమాదం గుర్తుంచుకోవాలి. చెమటకి ఒంట్లో నీరు తగ్గినా, ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటివి వేసుకున్నా రక్తంలో లిథియం పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలుడు, మాట ముద్దగా రావడం కనబడితే దాన్ని పిచ్చి పెరగడం అనుకోకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మామూలు చెకప్‌కి అయితే లెవెల్ పరీక్ష చివరి డోసు వేసిన 12 గంటలకి చేయించాలి. పొద్దున్న మాత్ర వేసుకుని వెళ్తే వచ్చే అంకె నమ్మడానికి వీల్లేదు.

సీతమ్మధార_జీపీ
మద్యం తాగేవాళ్ళకి "చివరి గుక్క ఎప్పుడు?" అని గంటతో సహా రాయించండి. ఎక్కువగా తాగే మనిషి ఆపిన రెండు మూడు రోజులకి వణుకుతూ, లేని పురుగులు గోడ మీద చూస్తుంటే అది గాలి సోకడమూ కాదు, స్కిజోఫ్రీనియా (నెలల తరబడి ఉండే సైకోసిస్ జబ్బు) కూడా కాదు. ప్రాణం మీదికి వచ్చే స్థితి. ఇక దిగులు సంగతి మానేసిన 2 నుంచి 4 వారాల తర్వాత మళ్ళీ చూడాలి. చాలామందికి దానంతటదే తగ్గుతుంది.

గాజువాక_సహాయి
అయితే కాలం గడిచేదాకా ఏ పేరూ పెట్టకూడదనా? ఇంట్లోవాళ్ళు అంతవరకు ఎలా ఆగుతారు?

ఓపీ_గది_7
పేరు ఆగొచ్చు, వైద్యం ఆగకూడదు. నిద్రలేదు, తిండి లేదు, ఎవరో చంపడానికి వస్తున్నారని తలుపులు వేసుకుంటున్నాడంటే ఆ రోజే మందు మొదలవ్వాలి. ఆ లక్షణాలు నెల లోపే పోతే డీఎస్‌ఎంలో ఒక పేరు, 1 నుంచి 6 నెలలుంటే ఇంకో పేరు, 6 నెలలు దాటితే స్కిజోఫ్రీనియా. ఐసీడీ-11లో (ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకం) దానికి ఒక నెల చాలు. అంటే అదే మనిషికి అదే వారంలో రెండు పుస్తకాల ప్రకారం రెండు పేర్లు రావచ్చు. 2014 అక్టోబరు హుద్‌హుద్ తుఫాను లాంటిది జరిగాక వచ్చే భయాలకీ ఇదే పద్ధతి. డీఎస్‌ఎంలో 3 రోజుల నుంచి నెల వరకు తీవ్ర ఒత్తిడి స్పందన, నెల దాటాకే పీటీఎస్‌డీ (ఆపద గడిచినా వదలని భయాల జబ్బు). ఇంట్లోవాళ్ళకి ఈ మాట ముందే చెప్పేస్తే పేరు మారినప్పుడు డాక్టరుని మార్చరు. డాక్టరు మారిన ప్రతిసారీ చరిత్ర మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలవుతుంది, అదే అసలు నష్టం.

సాగర్‌నగర్_సైకాలజీ
పాత కాగితాలు పోయాయనేవాళ్ళకి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 25వ సెక్షను ప్రకారం తన వైద్య రికార్డులు అడిగే హక్కు రోగికి ఉంది. డిశ్చార్జి సమరీ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

పడిపోయి కొట్టుకునేవాళ్ళుంటే ఫోనులో వీడియో తీయమనండి. కళ్ళు తెరిచి ఉన్నాయా మూసుకున్నాయా, ఎన్ని నిమిషాలు, తేరుకున్నాక అయోమయం ఉందా అన్నవి కనిపించాలి. మూర్ఛలో కళ్ళు ఎక్కువగా తెరిచే ఉంటాయి. 5 నిమిషాలు దాటితే వీడియో ఆపి అంబులెన్సు పిలవాలి.

గాజువాక_సహాయి
ఇప్పటికి గళ్ళు ఇవి: జబ్బు పేరు, తేదీలతో లక్షణాలు, నిద్ర (షిఫ్టుతో), మందులు, మొదలైన రోజు, ఆపిన రోజు, చివరిసారి తాగిన గంట, రక్తపరీక్షలు, ఇంట్లోవాళ్ళు చూసింది. అడుగున టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను) నంబరు 14416, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు.

వార్డు_సిస్టర్
"జబ్బు పేరు" గడిని పైనుంచి తీసి ఆఖరికి పెట్టండి. పక్కన తేదీ, ఎవరు రాశారు అన్నది ఉండాలి, కింద ఇంకో మూడు పేర్లు పట్టేంత చోటు వదలండి. పేరు పైన కనబడితే తర్వాత చూసేవాళ్ళు మిగతా గళ్ళు చదవరు.

గాజువాక_సహాయి
మార్చాను సిస్టర్. నాలుగు వరసలు వదిలాను.