స్పెయిన్ పద్ధతులు: వెళ్లేముందే తెలుసుకోవాల్సినవి చెప్పండి

కొత్తప్రయాణం: డిసెంబర్ చివర్లో అమ్మానాన్నలతో మాడ్రిడ్, గ్రనడా వెళ్తున్నాం. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా తినరు. నాన్నగారికి రాత్రి ఏడున్నరకల్లా భోజనం అయిపోవాలి. అదే టెన్షన్.

మాడ్రిడ్‌వాసి: ఏడున్నరకి కష్టమండీ. చాలా రెస్టారెంట్లలో రాత్రి వంట ఎనిమిదిన్నరకి గానీ మొదలవదు, అక్కడివాళ్లు వచ్చేది తొమ్మిది దాటాకే. దీని వెనక గడియారం కథ కూడా ఉంది. దేశంలో ఎక్కువ భాగం లండన్‌కి పడమరనే ఉన్నా, 1940లో నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాలను గంట ముందుకు జరిపింది, మళ్లీ వెనక్కి తిప్పలేదు. జూన్‌లో ఇక్కడ పొద్దు గూకేసరికి దాదాపు పది అవుతుంది. పెద్దవాళ్లకి అసలు భోజనం మధ్యాహ్నం రెండింటికే పెట్టించండి. పనిదినాల్లో 'మెనూ దెల్ దియా' అని ఒకే ధరకి రెండు వంటకాలు, బ్రెడ్, డ్రింకు, చివర స్వీటో కాఫీయో ఇస్తారు. రాత్రికి రూమ్‌లోనే పళ్లు, పెరుగు చాలు.

వలెన్సియా_వంటిల్లు: టైమ్ సర్దుకోవచ్చు, శాకాహారమే అసలు సమస్య. కూరగాయల వంటకం అని రాసి ఉన్నా అందులో హామ్ (పందిమాంసం) ముక్కలు పడొచ్చు. మామూలు సలాడ్‌లో ట్యూనా వేస్తారు. 'మాంసం వద్దు' అంటే సరిపోదండీ, హామ్, చేప, గుడ్డు అని ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పాలి. బంగాళాదుంప తోర్తియా చూసి చపాతీ అనుకోకండి, అది గుడ్డుతో చేసేదే. టమాటా పూసిన బ్రెడ్, వేయించిన పాద్రోన్ మిరపకాయలు మీవాళ్లకి బాగుంటాయి.

గ్రనడా_స్టూడెంట్: మా ఊళ్లో బార్‌లో డ్రింకు తీసుకుంటే చిన్న ప్లేటులో తపా అనే చిరుతిండి ఉచితంగా వస్తుంది. ఏది వస్తుందో వాళ్లిష్టం. అందుకే ఆర్డర్ ఇచ్చేటప్పుడే శాకాహారులమని చెప్పేయండి.

కొత్తప్రయాణం: థాంక్సండీ. మధ్యాహ్నం షాపులన్నీ మూసేసి నిద్రపోతారట కదా?

మాడ్రిడ్‌వాసి: చిన్న ఊళ్లలో, చిన్న కొట్లు రెండు నుంచి ఐదు దాకా మూస్తారు. నిద్ర సంగతి మాత్రం అతిగా చెప్తారు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి అంత తీరిక ఎక్కడిది? మాడ్రిడ్‌లో పెద్ద షాపులు తెరిచే ఉంటాయి.

వలెన్సియా_వంటిల్లు: ఇంకోటి. మార్కెట్‌లో, క్లినిక్‌లో వరసగా ఎవరూ నిలబడరు. వచ్చినవాళ్లు 'చివరివారెవరు?' అని అడిగి, వాళ్ల తర్వాత మనం అని గుర్తుపెట్టుకుంటారు. నాకైతే ఈ పద్ధతి చాలా నచ్చింది, పెద్దవాళ్లు హాయిగా కూర్చోవచ్చు. పరిచయమైతే రెండు చెంపలకీ ముద్దులాంటి పలకరింపు ఉంటుంది. అమ్మగారికి ఇబ్బందైతే నవ్వుతూ ముందే చెయ్యి చాపమనండి.

గ్రనడా_స్టూడెంట్: డిసెంబర్ 31 రాత్రి మాడ్రిడ్‌లో ఉంటే పన్నెండు ద్రాక్షపళ్లు దగ్గర పెట్టుకోండి. పుయెర్తా దెల్ సోల్ అనే కూడలిలోని గడియారం పన్నెండు కొట్టేటప్పుడు ఒక్కో గంట మోతకి ఒక్కో పండు తినాలి. దానికి ముందు నాలుగు జంట గంటలు మోగుతాయి, అప్పుడే మొదలుపెట్టకండి! పిల్లలకి బహుమతులు ఎక్కువగా జనవరి 6నే. 5 సాయంత్రం, బాల యేసుకి కానుకలు తెచ్చారని చెప్పే ముగ్గురు రాజుల ఊరేగింపులో మిఠాయిలు విసురుతారు. మర్నాడు సెలవు, సరుకులు ముందే కొనుక్కోండి.